కిందికి నొక్కితే ముందుకు

తనిఖీ అధికారి కారు గేటు దాటుతున్నప్పుడు టర్నర్ విభాగం ఇన్‌స్ట్రక్టర్ ఇంకా నేల మీద మోకాళ్ళ మీదే ఉంది. ఆ ఉదయమే తమ్ముడి వర్క్‌షాపు నుంచి లారీలో వచ్చిన లేత్ మిషన్ ఒక మూల కాస్త ఎత్తుగా నిలిచింది. దాని కాళ్ళ కింద రేకు ముక్కలు దోపుతూ, రసమట్టం పెట్టి చూస్తూ, తృప్తి కలగక మళ్ళీ తీసి దోపుతూ ఆమె దాన్ని సరిచేస్తోంది.

"అక్కా, సాయంత్రానికి ఇది నా షాపులో ఉండాలి. ఇత్తడి వాల్వుల ఆర్డరు నెత్తి మీద కూర్చుంది," అని లారీ ఎక్కబోతూ తమ్ముడు హెచ్చరించి వెళ్ళాడు. "గీత పడిందో, బావతో పంచాయితీ పెడతా."

"మీ బావకి లేత్‌కీ రోటికీ తేడా తెలీదురా. ఏదున్నా నాతోనే తేల్చుకో."

ప్రభుత్వ నిధులతో నడిచే ఆ శిక్షణ కేంద్రంలో యంత్రాలను అరువు తేవడం కొత్త కాదు. ఏటా తనిఖీకి ముందు వెల్డింగ్ విభాగానికి ఎక్కడినుంచో ఒక ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేది. మెకానిక్ విభాగానికి పక్క వీధి గ్యారేజీ ఇంజను నడిచి వచ్చినంత సులువుగా వచ్చి చేరేది. అధికారి వెళ్ళిపోగానే ఏ వస్తువు ఇంటికి ఆ వస్తువు పోయేది. దీన్ని అక్కడ ఎవరూ మోసమని పిలవరు. "పెళ్ళిచూపులకి పక్కింటి కుర్చీలు తెచ్చుకోమా?" అని ప్రిన్సిపాల్ నవ్వుతూ అంటుంటాడు.

టర్నర్ విభాగానికి మాత్రం ఆ అవసరం మొదటిసారి వచ్చింది. ఆ కేంద్రానికి ఉన్న ఒకే ఒక్క లేత్‌లో స్విచ్ పోయినేడాది తనిఖీ అయ్యాక పాడైంది. హ్యాండిల్ పైకి ఎత్తితే కడ్డీని పట్టి తిప్పే చక్ ముందుకు తిరగాలి, కిందికి నొక్కితే వెనక్కి తిరగాలి. పైకి ఎత్తినప్పుడు పనిచేసే భాగం కాలిపోయింది. కొత్త స్విచ్ కావాలని ఇన్‌స్ట్రక్టర్ అర్జీ పెట్టింది. మరమ్మతులు వార్షిక గ్రాంటులోంచే చేయించుకోవాలని జవాబు వచ్చింది. వార్షిక గ్రాంటు విడుదల కావాలంటే ముఖ్య యంత్రం సక్రమంగా నడుస్తున్నట్టు తనిఖీలో తేలాలి. ఈ రెండు నిబంధనల మధ్య శిక్షణ ఆగిపోకుండా ఆమె ఒక ఉపాయం చేసింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మోటారుకు వెళ్ళే రెండు వైర్లను అటూ ఇటూ మార్పించింది. అప్పటినుంచి ఆ మిషన్‌లో హ్యాండిల్ పైకి ఎత్తితే ఏమీ జరగదు. కిందికి నొక్కితే ముందుకు తిరుగుతుంది. పోయినేడాది బ్యాచ్ అలాగే నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళింది. ఈ ఏడాది బ్యాచ్ కూడా అలాగే నేర్చుకుంటోంది.

ఆమె తండ్రి లేత్ మీద పనిచేసే టర్నర్. కూతురు మిషన్ దగ్గరికి వస్తే జడ పైకి ముడి వేసుకుని రమ్మనేవాడు గాని, రావద్దని ఎప్పుడూ అనలేదు. ఈ కేంద్రంలోనే శిక్షణ పొంది, తండ్రి షాపులో చేయి తిరిగేదాకా పనిచేసి, ఇక్కడికే ఇన్‌స్ట్రక్టర్‌గా తిరిగి వచ్చింది. వెంట్రుకవాసి తేడాను కూడా ఒప్పుకోదు కాబట్టి ట్రైనీలు చాటుగా "మైక్రో మేడమ్" అంటారు. ఇంట్లో బెండకాయ ముక్కల్ని కూడా కొలిచే తరుగుతుందని వాళ్ళ ఊహ. ఆ మాట ఒకసారి చెవిన పడితే, "కొలవడమెందుకు, చూస్తే తెలిసిపోతుంది," అని వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆమెకు భయం యంత్రం గురించే. ఈసారి గ్రాంటు రాకపోతే టర్నర్ విభాగం మూతపడుతుంది. కోర్సు సగంలో ఉన్నవాళ్ళకు సర్టిఫికెట్ ఉండదు. వాళ్ళలో ఒకతను బస్తాలు మోసే పని మానుకుని, ముప్పై దాటాక వచ్చి చేరాడు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ మధ్య ఉన్నందుకు అందరూ అతన్ని "పెద్దాయన" అంటారు. అతను చేరిన రోజున భార్య గుమ్మం దాకా వచ్చి, "మేడమ్, ఈయన నడుము ఇంక మోయలేదు, చేతులతో బతికేలా చూడండి," అని చెప్పి వెళ్ళింది.

పాత లేత్‌ను వెనక గోడకు చేర్చి టార్పాలిన్ కప్పారు. అధికారి ముందు మిషన్ నడిపేది ఇన్‌స్ట్రక్టరే అని ముందే అనుకున్నారు.

అధికారి లోపలికి వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, కింద తట్టలోకి వంగి ఏదో తీశాడు. అది మెలితిరిగిన ఇత్తడి తురుము. యంత్రాన్ని నాలుగు వైపులా తుడిచింది గాని తట్ట చూడలేదు. ఈ కేంద్రానికి ఇనుప కడ్డీ దొరకడమే కష్టం, ఇత్తడి ఎక్కడిది?

అతను ఆ తురుమును వేళ్ళ మధ్య తిప్పి తట్టలోకే వదిలేశాడు.

"కడ్డీ మీద మర కోసి చూపించండి," అన్నాడు.

ఆమె కళ్ళద్దాలు అందుకోబోయింది.

"మీరు కాదు మేడమ్. మీకు వచ్చని నాకు తెలుసు. ట్రైనీని చెయ్యనివ్వండి."

ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయినా నోరు ఆగలేదు. "తప్పకుండా సార్! పెద్దాయనా, రావయ్యా, మన పరువు నీ చేతిలో ఉంది."

పెద్దాయన వచ్చాడు. కడ్డీని చక్‌లో బిగించాడు. చక్ బిగించే తాళంచెవిని మరచిపోకుండా తీసి పక్కన పెట్టాడు. టూల్ ఎత్తు సరిచూశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఒక్కొక్క పని ఆమె చెప్పిన వరసలోనే జరుగుతుంటే ఆమెకు ఊపిరి తేలికైంది. అధికారి ఇంకా దగ్గరగా చూడడానికి చక్ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు పెద్దాయన కుడిచేయి హ్యాండిల్ మీదికి వెళ్ళింది. అరచేయి హ్యాండిల్ పైభాగాన ఆనింది.

పైకి ఎత్తబోయేవాడు కింది నుంచి పట్టుకుంటాడు. పైనుంచి అరచేయి ఆనించినవాడు నొక్కబోతున్నాడు. పాత మిషన్ మీద నెలల తరబడి నొక్కిన చేయి అది. ఇది తమ్ముడి మిషన్. దీని చక్‌ను దాన్ని తిప్పే స్పిండిల్‌కు మరతోనే బిగిస్తారు. ఒక్కసారిగా వెనక్కి తిప్పితే అది ఊడి మీద పడగలదు. పొద్దుటినుంచి ఆమె నట్టునట్టూ చూసింది, మట్టం చూసింది. తాను నేర్పిన చేతుల సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు.

"చెయ్యి తియ్!" అని అరుస్తూ ఆమె గోడ వైపు దూకి మిషన్‌కు వెళ్ళే మెయిన్ స్విచ్ లాగేసింది.

హ్యాండిల్ టక్కున కిందికి దిగింది. చక్ కదలలేదు.

"నేనేం తప్పు చేశాను మేడమ్?" పెద్దాయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వేం చెయ్యలేదు."

"కరెంటు పోయినట్టుంది సార్," ప్రిన్సిపాల్ అందుకున్నాడు. "మా లైనెప్పుడూ ఇంతే, టైమూ పాడూ ఉండదు."

అధికారి తలెత్తి చూశాడు. "ఫ్యాన్ తిరుగుతోందండీ."

ప్రిన్సిపాల్ ఆమెను కళ్ళతో బతిమాలాడు. "మేడమ్, ముందు సార్‌కి టీ చెప్పండి."

"టీ తర్వాత చెబుతాను సార్," అని ఆమె అధికారి వైపు తిరిగింది. "ఈ మిషన్ మాది కాదు. మా తమ్ముడిది. మాది ఆ టార్పాలిన్ కింద ఉంది. అందులో కిందికి నొక్కితే ముందుకు తిరుగుతుంది. వీళ్ళందరికీ అదే అలవాటు."

"వైర్లు ఎవరు మార్పించారు?"

"నేనే."

"స్విచ్ అడగలేదా?"

"అడిగాను. గ్రాంటులోంచి కొనుక్కోమన్నారు. మిషన్ నడిస్తే గ్రాంటిస్తామన్నారు."

అతను మిషన్ మీదికి వంగాడు. చక్‌ను చేత్తో వెనక్కి తిప్పి చూశాడు, దాని వెనకున్న మరను చూశాడు, తాను నిలబడిన చోటును చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆ టార్పాలిన్ తియ్యండి."

పెద్దాయన పాత మిషన్ మీద మర కోశాడు. నొక్కే ముందు ఒకసారి మేడమ్ వైపు చూశాడు. తర్వాత పనిలో పడ్డాడు. అధికారి తన సంచిలోంచి ఒక నట్టు తీసి ఎక్కిస్తే చివరిదాకా సాఫీగా ఎక్కింది.

"పని బాగుంది," అన్నాడు అధికారి. "కానీ ఈ చేతులతో రేపు బయట షాపుకెళ్తే మొదటిరోజే ప్రమాదం. దీన్ని సక్రమంగా నడిచే మిషన్ అని నేను రాయలేను. కొత్త స్విచ్ బిగించేదాకా కొత్తవాళ్ళని చేర్చుకోకండి. ఉన్న బ్యాచ్‌ని ఆపను. వాళ్ళకి పరీక్ష మాత్రం సరైన మిషన్ మీద పెడతాను."

"మరి స్విచ్, సార్?" అంది ఆమె.

"రాస్తాను. ఎప్పుడొస్తుందో మాత్రం నన్నడక్కండి."

కారు వెళ్ళిపోయాక ప్రిన్సిపాల్ తన గదిలోకి వెళ్ళబోతూ ఆగాడు. "మెయిన్ ఆపారు, మంచిపనే. తర్వాత నోరు కూడా ఆపి ఉంటే సరిపోయేది. ఫ్యూజు పోయిందంటే ఎవరు కాదంటారు?"

"అప్పుడు ఫ్యూజు వేసి మళ్ళీ దాని ముందు పెద్దాయన్నే నిలబెట్టాలి కదా సార్."

అతను తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

సాయంత్రం లారీతో వచ్చిన తమ్ముడు మిషన్ చుట్టూ తిరిగి గీతలు వెతికాడు. జరిగింది విన్నాక వెతకడం మానేశాడు.

"చక్ ఊడుంటే ఏమయ్యేదక్కా?"

"తెలీదు. రేపట్నుంచి మా వాళ్ళు మీ షాపుకొస్తారు. నీ పని అయ్యాక ఒక గంట మిషన్ ఇవ్వు. చేతులు మార్చాలి."

"నా షాపా, సత్రమా?"

"నాన్న షాపు కూడా."

తమ్ముడు లారీ డ్రైవరు వైపు చూసి తల పట్టుకున్నాడు. "వింటున్నావా? మా అక్కతో మాట్లాడితే ఇంతే. సరే, రమ్మను. చీపురు కూడా వాళ్ళే పట్టాలి." తాళ్ళు బిగిస్తూ ఉన్నట్టుండి ఆగాడు. "అవునూ, పోయినేడాది వెళ్ళినవాళ్ళ సంగతేంటి? వాళ్ళూ దీని మీదేగా నేర్చుకుంది?"

ఆమె అక్కడే పెట్టె మీద కూర్చుని ఫోను తీసింది.

మొదటివాడు నవ్వాడు. "భలేవారే మేడమ్! మొదటిరోజే ఎటు నొక్కుతున్నావురా అని మేస్త్రీ వీపు మీద ఒక్కటిచ్చాడు. ఆ దెబ్బకి కుదిరింది." రెండోవాడు ఇప్పుడు డ్రైవింగు చేస్తున్నాడు. మూడోవాడి ఫోను చాలాసేపు మోగింది. ఎత్తేసరికి అవతల మోటారు హోరు వినిపించింది.

"మేడమ్! ఇవాళే కొత్త షాపులో చేరాను," అతను హోరు మీదుగా అరుస్తున్నాడు. "మిషన్ మీదున్నాను, చెప్పండి!"

"ముందు దాన్ని ఆపు," అంది ఆమె. "హ్యాండిల్ ముట్టుకోకు. గోడ మీద మెయిన్ ఉంటుంది చూడు, అది ఆపు. ఆపి, ఆపానని చెప్పు."