గంజి పెట్టిన వల

సాలిపేటలో ఏడుకొండలంటే పేరున్న పనివాడు. కంకిపాడుకు కూతవేటు దూరంలో, కాలవ పక్కన ముప్పై గడపల పేట అది. చీర అంచు నేతలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని అందరూ ఒప్పుకునేవాళ్ళు. ఒప్పుకుంటే ఏం లాభం? పంతొమ్మిది వందల నలభై మూడులో నూలు మాయమైపోయింది. యుద్ధం ఎక్కడో జరగడమేమిటి, ఇక్కడ మగ్గం మూలపడడమేమిటి! బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు, నూలుకు కంట్రోలు. బెజవాడ వెళ్ళి గవర్నర్‌పేట టోకు కొట్ల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. "నూలా? ఏ లోకంలో ఉన్నావయ్యా?" అని ఓ గుమాస్తా పళ్ళికిలించాడు. ఏడుకొండలు వట్టి చేతులతో ఇల్లు చేరాడు.

పేటలో వయసువాళ్ళు గన్నవరంలో విమానాల మైదానానికి మట్టి మొయ్యడానికి పోయారు. ఇతనూ పోయాడు. పదేళ్ళప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి, నలభై అయిదో ఏట ఆ కాళ్ళని మట్టిదిబ్బలెక్కమంటే ఎక్కుతాయా? మూడో రోజు తట్టతో సహా బోర్లా పడ్డాడు. "ఇంటికి పో తాతా" అన్నాడు మేస్త్రీ. ఇంటికొచ్చి భార్య వెంకటరత్నమ్మతో ముందు చెప్పింది ఆ 'తాతా' మాటే. పిల్లాజెల్లా లేనివాడికి ఆ పిలుపు మరీ గుచ్చుకుంది. పని పోయిన సంగతి అన్నం తిన్నాక చెప్పాడు. అన్నమంటే అన్నమేం కాదు, ఇంత గంజి.

అప్పుడు దారి చూపించినవాడు జక్కయ్య. కంకిపాడు సంతలో పూరేడు పిట్టలమ్మే ముసలాడు. చూపు మందగించి వేట మానేసి కూర్చున్నాడు.

"ఒరే, నీ చేతిలో దారం పనుంది గదరా. వల అల్లుకో. ఓ కుక్కని సంపాదించు. మిగతాది నేను చెబుతా" అన్నాడు.

"వలుంటే చాలదా బాబాయ్? కుక్కెందుకు?"

"వెర్రినాగన్నా! పూరేడు మినప చేలో నీ కాలి కిందున్నా కనపడదు. కుక్క వాసన పట్టాలి. పట్టి మీద పడకూడదు, దాని ఎదురుగా నేలకు కరుచుకుని పడుకోవాలి. అది కదలకపోతే పిట్టలూ భయపడి కదలవు. అప్పుడు నువ్వో కొసా, నీ పెళ్ళామో కొసా పట్టుకుని, వెనకనుంచి తెచ్చి కుక్క మీదనించే వల కప్పెయ్యాలి. కుక్కా కిందే, పిట్టలూ కిందే. వల మీద పడ్డప్పుడు కుక్క గింజుకుందా, పిట్టలన్నీ తుర్రుమంటాయి. ఆ ఒక్కటీ నేర్పగలిగితే నీకు కూటికి లోటుండదు."

ఊరకుక్కలు దీనికి పనికిరావన్నాడు జక్కయ్య. అవి పిట్టని చూస్తే మొరుగుతాయి, లేకపోతే మింగుతాయి. బెజవాడ పక్క గుణదలలో ఓ దొరసాని ఉందనీ, రైల్వే గార్డుగారి భార్య అనీ, అనాథ కుక్కల్ని పాకలో పెట్టి సాకుతుందనీ, అడిగితే ఊరికే ఇస్తుందనీ చెప్పాడు. కిందటేడు బాంబులు పడతాయన్న పుకారుకి బెజవాడ సగం ఖాళీ అయింది చూడండి, అప్పుడు బండ్లెక్కి పారిపోయినవాళ్ళు వదిలేసిన కుక్కలవి. మనుషులకి మంచాలు గుర్తున్నాయి గానీ కుక్కలు గుర్తులేవు!

పాక చూసుకునే జాన్‌బాబు ఏడుకొండలుకి ఓ కుక్కని చూపించాడు. తెల్లటి ఒళ్ళు, నల్ల మచ్చలు, వేలాడే చెవులు, ముక్కు ఎప్పుడూ నేలమీదే.

"మంచి జాతన్నా ఇది. మూడుసార్లు మునిసిపాలిటీ కుక్కల బండివాళ్ళకి దొరక్కుండా తప్పించుకుంది. వీధి చివర వల కనపడితే చాలు, గాలిలో కలిసిపోయేది. నాలుగోసారి కాలికి దెబ్బ తగిలుంది గనక చిక్కింది. దొరసానమ్మ బతిమాలి విడిపించుకొచ్చింది. ఇప్పటికీ వలంటే దీనికి పైప్రాణాలు పైనే పోతాయి. ఇంతకీ మీకెందుకు?"

ఏడుకొండలు వల మాట ఎత్తలేదు. "ఇంటి కాపలాకి" అన్నాడు. ఆ ఇంట్లో కాపలా కాయడానికి ఏముంది గనక! అబద్ధం ఆడేశాడు, కుక్కని తోలుకుని పద్నాలుగు మైళ్ళూ నడిచొచ్చేశాడు.

వెంకటరత్నమ్మ గుమ్మంలోనే నిలేసింది. "మనకే గతి లేదు, మధ్య ఇదొకటా? మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు!" అంటూనే తన ముంతలో గంజి చిప్పలో పోసింది. అన్నిటికీ కంట్రోలున్న రోజుల్లో ఆకలికి కంట్రోలు లేని జీవి వచ్చిందని దానికి 'కంట్రోలు' అని పేరు పెట్టింది కూడా ఆవిడే. పేట పేటంతా ఆ పేరు విని పడీపడీ నవ్వారు.

వాసన పట్టడం దానికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. జక్కయ్య ఇచ్చిన ఒక పూరేడుని బుట్ట కింద పెట్టి గట్టు గడ్డిలో దాస్తే, మెడకి పొడుగు తాడు కట్టి వదలగానే కంట్రోలు గాలికి ఎదురుగా ముక్కు ఎత్తేది. బుట్టకి పది బారల దూరంలో బిగుసుకుపోయేది. "ఆగు" అని తాడు లాగి, వీపు మీద చెయ్యి వేసి పడుకోబెట్టేవాడు. పదిహేను రోజుల్లో తాడు లేకుండానే పడుకోవడం నేర్చుకుంది.

వచ్చిన చిక్కల్లా వలతోనే. పాత ముతక నూలు చివర్లన్నీ పురిపెట్టి, భార్యాభర్తలిద్దరూ రేయింబవళ్ళు ముళ్ళు వేసి వల తయారుచేశారు. దాన్ని విప్పేసరికి కంట్రోలు ఒక్క అరుపు అరిచి మగ్గం గుంటలోకి దూకింది. అక్కడే తడుపుకుంది. ఒళ్ళంతా ఒకటే వణుకు. రెండు పూటలు పైకి రాలేదు. రోజూ ఇదే వరస. ఏడుకొండలు బుజ్జగించాడు, తిట్టాడు. ఒకరోజు బలవంతంగా వల కప్పితే అతని మణికట్టు కొరికి పారిపోయింది. సాయంత్రానికి తిరిగొచ్చి ఆ కట్టు వాసన చూస్తూ కూర్చుంది.

"దానికేదో గుండెకోత ఉంది. వదిలెయ్యరాదూ?" అంది వెంకటరత్నమ్మ.

"వదిలేసి ఏం తిందామే? పండగ దాకా పిట్టలుంటాయి. ఈ లోపల ఇది నేర్చుకోకపోతే మనం ముష్టెత్తాలి" అని కసిరాడు. కసిరినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

ఇక్కడ ఏడుకొండలు నేతగాడు మాత్రమే చేసే పొరపాటొకటి చేశాడు. గంజి పెట్టని దారం అతని చేతికి సయించదు. పడుగు దారాలు వీధిలో బారుగా చాపి, చెరో పక్కా నిలబడి, కుంచెతో గంజి రాసి ఆరబెట్టడం పుట్టినప్పటినుంచీ చూసిన పని. ఓ పొద్దున వలని కూడా అలాగే చాపి గంజి పెట్టేశాడు. జక్కయ్య చూసి నెత్తి కొట్టుకున్నాడు. "వలకి గంజేమిట్రా నీ తెలివి తెల్లారినట్టే ఉంది! చీమలు పట్టవూ? మంచుకి బంకగా తయారవదూ?"

కానీ జక్కయ్య నవ్వుతుండగానే కంట్రోలు గుంటలోంచి తల ఎత్తింది. ముక్కు ఆడించింది. పొట్ట నేలకి ఆనించి పాక్కుంటూ వచ్చి, వల కొసని ఒక్కసారి నాకి వెనక్కి దూకింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నాకింది. అది ఆకలి కాలం కదండీ, మనుషులే గంజికి మొహం వాచున్నారు. ఏడుకొండలు ఊపిరి బిగపట్టి చూశాడు.

ఆనాటినుంచి దాని గంజి చిప్పలో పొయ్యడం మానేశాడు. అంతా వలకే. మొదట కొస, తర్వాత నడుమ, ఆ తర్వాత వల కింద. పది రోజులకి కంట్రోలు వల విప్పడం చూస్తే తోకాడిస్తూ వచ్చి, ముందుకాళ్ళు చాపి పడుకుని, ఎప్పుడు కప్పుతారా అని చూసేది. వల కింద కళ్ళు అరమోడ్చి పోగు పోగునా నాకేది. "గెలిచానే రత్నం!" అని ఏడుకొండలు చిన్నపిల్లాడిలా గంతేశాడు.

ఆ చలికాలం వాళ్ళు కడుపునిండా తిన్నారు. తెల్లవారకముందే మంచులో మినప చేలకి పోయేవాళ్ళు. కంట్రోలు ముందు, వల చెరో కొసా పట్టుకుని మొగుడూ పెళ్ళాం వెనక. పేట పెద్ద సాంబమూర్తి గారు మాత్రం ఓ రోజు అరుగు మీదనించే అడిగేశారు, "ఏమయ్యా, సాలె పుటక పుట్టి పిట్టలు పట్టుకు బతుకుతున్నావట?" అని. "మగ్గం కూడు పెడితే ఇప్పుడే మానేస్తానండీ" అన్నాడు ఏడుకొండలు.

ఫాల్గుణమాసంలో చేనేత సొసైటీకి నూలు వచ్చింది. కొంచెమే అనుకోండి, అయినా వచ్చింది. ఏడుకొండలు వల చుట్టి అటకెక్కించి, గుంట ఊడ్చి, మగ్గం ఎక్కాడు. కంట్రోలు గుంట పక్కనే పడుకుని పోగు లాక్కుంటూ నాడె అటూ ఇటూ పోతుంటే తల తిప్పుతూ చూసేది. ఆ నెల రోజులూ ఆ ఇంట్లో ముగ్గురూ సుఖంగానే ఉన్నారు.

ఎండలు ముదిరాక ఆ పక్క ఊళ్ళో పిచ్చికుక్క ఇద్దర్ని కరిచింది. వీధిలో కనపడ్డ ప్రతి కుక్కనీ చంపమని ఉత్తర్వు వచ్చిందన్నారు. ఓ మంగళవారం ఇద్దరు మనుషులు వలా దుడ్డుకర్రలూ పట్టుకుని పేటలోకి దిగారు. కుక్కలన్నీ చెట్టుకొకటీ పుట్టకొకటీ అయిపోయాయి. ఆ అలికిడికి కంట్రోలు వీధిలోకి వెళ్ళి చూసింది. వాళ్ళు వల విప్పారు. అంతే. తోకాడించుకుంటూ వెళ్ళి, వాళ్ళ కాళ్ళ ముందు, ముందుకాళ్ళు చాపి పడుకుంది.

వీధిలో పడుగు చాపుతున్న వెంకటరత్నమ్మ పెట్టిన కేక గుంటలో ఉన్న ఏడుకొండలుకి వినపడింది. అతను గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకుని బయటపడేసరికి, వాళ్ళలో ఒకడు కర్ర ఎత్తున్నాడు, ఆవిడ వల మీద బోర్లా పడి ఉంది. కింద కంట్రోలు హాయిగా వల నాకుతోంది.

"వెయ్యరా! నా నడ్డి మీద వెయ్యి ఆ దెబ్బ!" అని ఆవిడ అరుస్తోంది.

కర్ర దింపి వాడు బిత్తరపోయి అన్నాడు. "పది ఊళ్ళు తిరిగామమ్మా. పిలవకుండా వచ్చి వల కింద పడుకున్న కుక్కని ఇదే చూడ్డం. పెంపుడిదని ఈసారికి వదిలేస్తున్నాం. వచ్చే మంగళారం మళ్ళీ వస్తాం. అప్పుడు మీరు అడ్డం పడితే ఊరుకోం, మా ఉద్యోగాలు పోతాయి."

ఏడుకొండలు కంట్రోలుని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు. మూడుసార్లు దాన్ని బతికించింది వలంటే ఉన్న భయమే. ఆ భయాన్ని గంజి పోసి పోసి చంపేసింది తనే. ఎవరితో చెప్పుకుంటాడు?

మర్నాడు దాన్ని తీసుకుని గుణదల నడిచాడు. పాకకి తాళం. దొరసానమ్మ ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి మద్రాసు వెళ్ళిపోయిందనీ, కుక్కల్ని తలా ఒకరూ పట్టుకుపోయారనీ పక్కింటివాళ్ళు చెప్పారు. తిరిగొచ్చి మగ్గం రాటకి కట్టేశాడు. తాడు కొరికేసింది. గొలుసు తెచ్చి కట్టాడు. రాత్రీ పగలూ ఏడ్చి ఏడ్చి, మెడ ఒరుసుకుపోయి నెత్తురు కారింది. ఆదివారం నాటికి మెతుకు ముట్టడం మానేసింది.

సోమవారం పొద్దున ఏడుకొండలు అటక మీద వల దింపాడు.

"లోపలికి పోవే. చెవులు మూసుకో" అన్నాడు భార్యతో. ఆవిడకి అర్థమైంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

గొలుసు విప్పి వల పరిచాడు. కంట్రోలు అంత నీరసంలోనూ తోకాడిస్తూ వచ్చి పడుకుంది. వల కప్పాడు. చింతబరికె తీసుకుని ఒకటి వేశాడు. అది ఉలిక్కిపడి తలెత్తి, పొరపాటున తగిలిందనుకుంది కాబోలు, వలలోంచి అతని చెయ్యి నాకబోయింది. అయినా కళ్ళు మూసుకుని రెండోది వేశాడు, మూడోది వేశాడు. "భయపడవే తల్లీ! భయపడి చావవే!" అని గట్టిగా ఏడుస్తూ కొట్టాడు. ఎన్నో దెబ్బకో అది వెనకటి అరుపు అరిచింది, గుణదల నుంచి తెచ్చిన కొత్తలో అరిచిన అరుపు. వల చీల్చుకుని వీధిన పడి, కాలవ ఈదేసి, అవతల గట్టు మీది జమ్ము గడ్డిలో దూరింది.

మంగళవారం వాళ్ళు వచ్చారు. వల విప్పకముందే, అవతలి గట్టు మీద ఓ తెల్లటి మచ్చ చేలకడ్డం పడి పరిగెత్తడం పేటంతా చూసింది.

ఆ తర్వాత అది ఇంటికి రాలేదు. వెంకటరత్నమ్మ రోజూ చిప్పతో గంజి తీసుకెళ్ళి కాలవ దాటి గట్టు మీద పెట్టి వచ్చేది. "తిందా?" అని అతను అడిగేవాడు. "తింది" అనేది. "నా గురించి..." అనబోయి ఆపేసేవాడు. కుక్క ఏం చెబుతుంది, పిచ్చిగాని!

ఓ సాయంత్రం ఉండబట్టలేక చిప్ప తనే పట్టుకెళ్ళాడు. జమ్ములోంచి అది బయటికొచ్చింది. వీపు మీద చారలు మానాయి. అతన్ని చూసి ఆగింది. తోక కొంచెం కదిలింది, కదిలిందని అతను ప్రమాణం చేసి చెప్పేవాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకోబోయాడు. ఆ గుడ్డ గాలికి విచ్చుకోవడం చూసి కంట్రోలు తోక ముడిచి, వెనుదిరిగి, చూపు ఆనినంత మేరా ఆగకుండా పరిగెత్తింది.

"పో తల్లీ, పో. అలాగే పరిగెత్తు" అన్నాడు ఏడుకొండలు. అని, చిప్ప అక్కడే పెట్టి, ఆ గట్టు మీద కూలబడి భోరున ఏడ్చాడు.