పడుగు తెంపిన పిల్లోడు

నా చిన్నప్పుడు తెల్లారేసరికి కోడుమూరులో మా వీధి పొడవునా పడుగు సాగదీసి ఉండేది. చీరకు నిలువుగా పోయే నూలు దారాలవి. గుంజలకు బిగించి గంజి పట్టిస్తారు. దారం తెగితే గంజి ఆరకముందే అతకాలి, లేదంటే పక్కదారాలకు అంటుకొని పడుగు పాడవుతుంది.

మా మేకను చూసి చిరుతపులి పారిపోయిందని బడిలో చెప్పి అప్పటికే నేను పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఎదురింటి పిల్లోడికి నా కతలు గిట్టేవి కావు. నాకంటే పెద్దవాడు. రోజూ ఎవరో ఒకరి చెయ్యి మెలిపెట్టందే వాడికి తిన్నది అరిగేది కాదు.

ఒకరోజు పొద్దున్నే నా మెడ పట్టుకున్నాడు. "ఏమిరా, పులినే తరిమినారంట మీరు. ఈ పడుగు కింద కుక్క మాదిరి దూరి పో, సూస్తా." నేను దూరలేదు. వాడు కోపంతో జేబులోంచి బ్లేడు తీసి గుప్పెడు దారాలు పరపర కోసేశాడు.

అది పక్కింటి అక్క పడుగు. వీధంతా పోగయింది. "ఈడు పెద్దయితే జైలు కూడే తింటాడు" అన్నారెవరో. అంతలో వాడి నాయన ఎద్దుల్ని తోలే కొరడాతో వచ్చాడు.

అక్క అడ్డం నిలబడింది. "అన్నా, పడుగు నాది. అతికేదానికి పిల్లోని చేతులు కావాల నాకు. పనయినాక పంపిస్తా, నువ్వు జరుగు."

ఆయన అరుగు మీద కూర్చొని కాచుకున్నాడు. నేను కొసలు అందిస్తుంటే వాడు అతుకుతున్నాడు. "వేళ్ళు తడుపుకో నాయనా. మెల్లగా మెలి తిప్పు" అంటోంది అక్క. వాడు వంగినప్పుడు చొక్కా పైకి పోయింది. వీపు మీద పాత వాతల పైన కొత్త వాతలు. అక్క వాడి చొక్కా కిందికి లాగి, ఇంకో దారం చేతికిచ్చింది.

పని అయిపోవచ్చింది. అప్పుడు అక్క, చక్కగా పడిన అతుకును తానే విప్పి, "ఇది సరిగ్గా పడలేదప్పా, మళ్ళా ఎయ్" అంది. తర్వాత ఇంకొకటి విప్పింది. ఎండ ముదురుతోంది. ఒక మూల పడుగు గంజి ఆరి అట్టకట్టడం మొదలైనా ఆమె అటు చూడలేదు. చివరికి వాడి నాయన విసుగెత్తి సంతకు పోయాడు. ఆ రోజుకు వాడికి దెబ్బలు తప్పాయి.

తర్వాత కొన్నాళ్ళు వాడు అక్క దగ్గరికే వచ్చేవాడు. ఆ కొన్నాళ్ళూ మెలిపెట్టేవాడు లేక మా చేతులు బాగున్నాయి. అంతలో వాడి నాయన వాణ్ణి కడప వైపు పనికి తీసుకుపోయాడు. ఆ పైన కొట్లాటలు, దొంగతనాలు, చివరికి ఒక మనిషిని కత్తితో పొడిచిన కేసు. ఇన్ని కతలల్లే నాకు కూడా వాడు బాగుపడ్డాడని చెప్పడానికి నోరు రాదు. పొడిపించుకున్నవాడి బాధ చిన్నదనీ అనను. కానీ "మేమప్పుడే అన్లేదా" అని మా వీధివాళ్ళు అంటుంటే అక్కడ కూర్చోలేక లేచి వచ్చేస్తాను.

ఇప్పుడు మా వీధిలో ఒక పిల్లోడు ఇంకొకణ్ణి కొడితే, దెబ్బలు తిన్నవాణ్ణి వాళ్ళమ్మకు అప్పజెప్తాను. కొట్టినవాణ్ణి మాత్రం ఏదో పని చెప్పి నా దగ్గరే కూర్చోబెట్టుకుంటాను. వాడి కోసం ఇంట్లో ఎవరు కాచుకొని ఉన్నారో తెలిసేదాకా నాకు కాలు నిలవదు.