దేవునితో మాత్రమే మాట్లాడిన తపస్సు కాలం

ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ప్రార్థనంటే వాకిలి ఊడ్చడం, పిడకలు చరచడం లాంటి పని. చేయకపోతే తిట్లు పడతాయి, చేస్తే ఎవరూ మెచ్చుకోరు. అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్ళం. పొద్దుగూకగానే అవ్వ దేవమాత పటం ముందు దీపం పెట్టి జపమాల అందుకునేది (యుద్ధం రోజులు, గాసునూనె, అంటే కిరోసిన్, దొరకడం కష్టం, అందుకని ఆ దీపం వెలుగులోనే జపమూ వంటా రెండూ కానిచ్చేవాళ్ళం). ప్రతి జపంలో సగం ఆమె చెబితే, మిగతా సగం బాపూ నేనూ అందుకోవాలి. మా సగం మేం చెబుతుండగానే అవ్వ "మేకలను కట్టేసినవా?" అని అడిగేది. నేను తల ఊపేలోపే తన సగంలోకి వెళ్ళిపోయేది. నా నోరు జపం చెబుతుంటే నా మనసు రేపు బావికాడ ఎవరితో ఏం మాట్లాడాలా అని చూసుకుంటూ ఉండేది. అలాగని భక్తి లేదని కాదు. దేవుడు ఉన్నాడు, మా ఊరి పెద్ద పటేలు ఉన్నట్టే. ఆయన పని ఆయనది, మా పని మాది. వెళ్ళి పలకరించేంత చనువు మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు.

మా ఊరు సిద్దిపేటకూ దౌల్తాబాద్‌కూ మధ్యన ఉండేది. బాపు పటేలు బావి మీద ఎద్దులతో మోట కొట్టి పొలాలకు నీళ్ళు పెట్టేవాడు. నేను ఒక్కతే కూతుర్ని. నాకు పదిహేడేళ్ళప్పుడు ఊరంతా నన్ను 'గిర్ని' అని పిలిచేవారు. సిద్దిపేట బజారులో కొత్తగా పెట్టిన పిండి పట్టే గిర్ని చప్పుడు విని వచ్చినవాళ్ళెవరో ఆ పేరు తగిలించారు. అది ఎద్దుల్లేకుండా నడుస్తుందట, నా నోరు తిండి లేకుండా కూడా నడుస్తుందట. నాకు కోపం రావాలి గానీ రాలేదు. ఊరు మొత్తంలో అంత గొంతు నాకే ఉందన్న గర్వం లోపల ఉండేది.

ఆ ఏడు తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఫాదర్ గారు గుర్రం మీద వచ్చారు. ఇటలీ దేశస్థుడు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు కాబట్టి పుస్తకంలాగే మాట్లాడేవాడు. పూజయ్యాక, అందరి నుదుట బూడిద ఉండగానే, "మీకు మిక్కిలి ప్రియమైనది ఏదో దానిని పాస్క పండుగ వరకు దేవునికి అర్పింపుడి" అన్నాడు. పాస్క అంటే ఈస్టర్, నలభై రోజుల దూరం. మాంసం మానేయమంటే మాకు పెద్ద ఇబ్బంది లేదు, అసలు తినేదెప్పుడు గనక! కానీ 'మిక్కిలి ప్రియమైనది' అనేసరికి అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. బాపు చుట్ట మానేస్తానన్నాడు. అవ్వ ఆకూవక్కా అంది. మాకు జపాలు నేర్పే ఉపదేశి తాత చాలాసేపు నేలచూపులు చూసి, చివరికి కల్లు అన్నాడు. ఆయన ఆ మాట అంటుంటే ఎవరో చనిపోయినట్టుంది. నా వంతు వచ్చేసరికి నాకు ఊపొచ్చింది.

"నేను మాట్లాడుడు బంద్ చేస్త" అన్నాను.

గుడంతా నవ్వు, గుడంటే ఒక గుడిసే. ఉపదేశి తాతయితే "అయ్యగారూ, గీమె నోరు మూసుకున్నన్ని దినాలే నేను కల్లు ముట్ట" అన్నాడు. ఫాదర్ గారు మాత్రం నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, "మంచిది. అయితే దేవునితో మాట్లాడుట మానరాదు. ఆయనతో మాత్రము మాట్లాడవలెను" అని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. అప్పటికి నాకు ఆ మాటలో ఏ విశేషమూ కనిపించలేదు.

మొదటి కొన్ని రోజులు నా బాధ చెప్పనలవి కాదు. నోరు ఊరకే ఉండదు, చేతులు దాని పని తలకెత్తుకున్నాయి. ఉప్పు కావాలని సైగ చేస్తే అవ్వ చీపురు తెచ్చిచ్చేది. బావికాడ ఆడవాళ్ళు నా చుట్టూ మూగి, నేను చేతులు తిప్పడం చూసి నవ్వేవారు. పక్కింటి పెద్దవ్వ మాత్రం నిజంగా కంగారు పడింది. వాళ్ళు మల్లన్న భక్తులు. ఆ కాలంలోనే కొమురవెల్లి పోయి మొక్కులు చెల్లించుకుని వస్తుంటారు. "పోరికి గాలి సోకినట్టుందే. ఎట్లాగు కొమురెల్లికి పోతున్నం, దీని పేరు మీద గుడ ఒక మొక్కు మొక్కుదునా?" అని అవ్వను అడిగింది. "గాలి కాదక్కా, భక్తి" అంది అవ్వ. పెద్దవ్వ నా ముఖంలోకి తేరిపార చూసి, "గిదేం భక్తే! మాకైతే భక్తి ఎక్కువైతే గొంతు లేస్తది" అంది.

అలాంటప్పుడు ఒకనాటి మధ్యాహ్నం అవ్వ పెరట్లో బర్రెకు కుడితి పెడుతోంది. నేను ఇంటి మూలన మిరపకాయలు తుంచుతున్నాను. ఎక్కడిదో ఒక కుక్క నింపాదిగా లోపలికొచ్చి జొన్నరొట్టెల గంప ముందు ఆగింది. నాకూ దానికీ మధ్య ఇల్లంతా ఉంది. చప్పట్లు కొట్టాను. అది తోక ఊపింది. అవ్వను పిలుద్దామంటే ఒట్టు. నోటిదాకా వచ్చిన కేకను ఆపలేక, ఫాదర్ గారి మాట గుర్తొచ్చి, ఇంటి కప్పు వైపు చూసి అరిచాను: "దేవా! కుక్క రొట్టెలకాడికి వచ్చింది! జెల్ది అవ్వను పంపు!"

అవ్వ కుడితి చెంబుతోనే పరుగెత్తుకొచ్చింది. రొట్టెలు దక్కాయి. ఆ రోజు నుంచి నాకు పట్టపగ్గాల్లేవు. పొద్దున లేస్తే "ప్రభువా, ఇయ్యాల కూర ఏం చేయాల్నో అవ్వ మనసుల పడేయి", "దేవా, బాపు చెప్పులు నేను దాయలేదు, గడంచె బల్ల కింద ఉన్నయని ఆయనకు తెలియజేయి" – ఇలా ఇంటి మాటలన్నీ పైకి చూసి గట్టిగా చెప్పేదాన్ని. వినేవాళ్ళు వినేవారు. అవ్వకు ఒళ్ళు మండిపోయేది.

"నువ్వు దేవునికి చెప్తున్నవా, నాకు చెప్తున్నవా?" అని ఒకసారి గరిటె ఎత్తింది.

"ప్రభువా, నేను నీకే చెప్తున్న. అవ్వ మధ్యల వింటే నేనేం చేయాలె?" అన్నాను.

బాపు నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళిపోయాడు. బావికాడ అయితే నా ప్రార్థన వినడానికి పక్క వాడల నుంచి కూడా వచ్చేవారు. పెద్దవ్వ "మీ దేవునికి చెవుడా ఏందే, గంత గట్టిగ చెప్తున్నవు?" అంటే, "దేవా, చెవుడు నీకు కాదని పెద్దవ్వకు నువ్వే చెప్పు" అన్నాను. ఉపదేశి తాత ఇది ఒట్టు తప్పడమా కాదా అని తల పట్టుకున్నాడు. తప్పడమే అని తేలితే ఆయన కల్లు ఆయనకు తిరిగొస్తుంది మరి. కానీ నిజాయితీపరుడు. "దేవుని పేరు ముందల పెట్టి చెప్తుంది, నేనెట్ల కాదంటా" అని నిట్టూర్చాడు.

తపస్సు కాలం సగం గడిచాక బాపుకు చలిజ్వరం వచ్చింది. మొదట రెండు గొంగళ్ళు కప్పితే సరిపోతుందనుకున్నాం. మూడోనాటికి మమ్మల్ని గుర్తుపట్టలేదు. మోట ఎద్దుల్ని అదిలిస్తున్నట్టు ఏవేవో కేకలు. పటేలు బండి ఇచ్చాడు, ఉపదేశి తాత తోలాడు. బాపును గడ్డిమీద పడుకోబెట్టుకుని అవ్వ సిద్దిపేట దవాఖానకు బయల్దేరింది. మేకలూ బర్రే ఉన్నాయి గనక నన్ను ఇంట్లో ఉండమంది. బండి కదులుతుంటే "జపం చేసుకో బిడ్డా" అంది.

బండి వెళ్ళిపోయాక లోపలికొచ్చి జపమాల తీసుకుని కూర్చున్నాను. ఎండ నడినెత్తికొచ్చింది. జపం మొదలుపెట్టాను. పూసలు జరుగుతున్నాయి, నోరు నడుస్తోంది, లోపల మాత్రం బాపు కేకలే వినిపిస్తున్నాయి. మధ్యలో ఆపేశాను. అలవాటు ప్రకారం కప్పు వైపు చూసి "దేవా" అన్నాను. అని ఆగిపోయాను. ఇంట్లో వినేవాళ్ళెవరూ లేరు. అన్నాళ్ళుగా నేను దేవుణ్ణి పిలిచిందల్లా పక్కవాళ్ళు వినాలనే అని అప్పుడు తెలిసింది. ఆయన ఒక్కడే వింటే ఏం చెప్పాలో నాకు తెలియదు. సిగ్గేసింది. కొత్త చుట్టం ముందు కూర్చున్నట్టు కొంగు సవరించుకున్నాను కూడా.

తరువాత మెల్లగా మొదలుపెట్టాను. బాపు చెప్పులు ఇక్కడే ఉన్నయి ప్రభువా, ఉత్తకాళ్ళతోని పోయిండు. చుట్ట మానేసినంక రోజూ మధ్యాహ్నం ఆయన చేతులు ఖాళీగ ఎట్ల పెట్టుకునేటోడో నువ్వు చూసినవు కదా. ఆయన పోతే అవ్వ ఎట్ల బతుకుతదో నాకు తెల్వది. నేనెట్ల బతుకుతనో గుడ తెల్వది. నాకు భయమైతున్నది. ఇలా ఏది తోస్తే అది చెప్పాను. కాసేపు ఏడ్చాను, కాసేపు ఆయనతో కొట్లాడాను కూడా. వెలుగేమీ రాలేదు, గొంతేమీ వినపడలేదు. బయట మేకలు నెమరు వేసుకుంటున్నాయి. కానీ చెప్పడం అయిపోయాక లేచి మేకలకు నీళ్ళు పెట్టగలిగాను, అంబలి తాగగలిగాను. అవ్వా బాపూ లేని ఆ కొన్ని రోజులూ పని చేసుకుంటూ అలాగే మాట్లాడాను, చిన్న గొంతుతో. బావికాడ ఆడవాళ్ళకు అది నచ్చలేదు. "గిర్ని నడుస్తలేదేందే?" అని అడిగారు.

బాపు బతికొచ్చాడు. దవాఖానలో ఇచ్చిన చేదు మందుకు చెవుల్లో హోరు పట్టుకుని, ఎముకలూ కళ్ళూ మాత్రమే మిగిలి, బండి దిగి నన్ను చూడగానే "ప్రభువా, నా బిడ్డ చిక్కిపోయింది, గింత బువ్వ తినమని చెప్పు" అన్నాడు. అవ్వ ఏడుస్తూ నవ్వింది.

పాస్క పండుగ దగ్గర పడుతుండగా గజ్వేల్ నుంచి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. బాపును పలకరించడానికని చెప్పారు గానీ, నన్ను చూడటానికని అందరికీ తెలుసు. కొడుకు గజ్వేల్‌లో దర్జీ. నోట్లో సూది పెట్టుకోవడం అలవాటై మాట్లాడటం మరిచిపోయాడేమో అన్నంత మౌనం. తల్లి మాత్రం బండి దిగినప్పటి నుంచీ ఆపలేదు. అవ్వ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి చెవిలో చెప్పింది: "నీకు దండం పెడత. ఇయ్యాల దేవునితోని గుడ మాట్లాడకు!"

సరేనని తల ఊపి లోపలికెళ్ళి కూర్చున్నాను. ఆ తల్లి ఏది అడిగినా తలవంచుకుని ఊరుకున్నాను. ఆమెకు నేను తెగ నచ్చాను. "నోట్ల నాలుక లేని పిల్ల, బంగారం! మా ఇంట్ల మాట్లాడేటందుకు నేనొక్కదాన్ని చాలు. గిట్లాంటి పిల్ల కోసమే ఊర్లన్ని తిరుగుతున్న" అంది. అవ్వ ముఖం వెలిగిపోయింది. కానీ ఆ తల్లి మెచ్చుకుంటున్న పిల్ల నేను కాదు. పండుగ తెల్లారి మా ఇంట్లో ఆ పిల్ల ఉండదు. మంచం మీద బాపు నన్నే చూస్తున్నాడు, ఏం చేస్తావో చేయి అన్నట్టు. నేను తల ఎత్తి కప్పు వైపు చూశాను. అవ్వ కళ్ళు మూసుకుంది.

"ప్రభువా," అన్నాను, "నేను గిట్ల ఉండేది పాస్క పండుగ దాకనే అని వీళ్ళకు తెలియజేయి. ఆ తర్వాత నన్ను ఎవ్వరు ఆపలేరని గుడ చెప్పు. ఇగ వాళ్ళిష్టం."

ఆ తల్లి నోరు తెరిచింది గానీ మాట రాలేదు (ఆమెకు అలా జరగడం అదే మొదటిసారని తరువాత తెలిసింది). అప్పుడు ఆ దర్జీ మెల్లగా తల ఎత్తి, నేను చూసిన చోటే కప్పు వైపు చూసి అన్నాడు: "ప్రభువా, మా అవ్వ గుడ గంతే. నాకు అలవాటే అని గీ పిల్లకు చెప్పు."

బాపు నవ్వబోయి దగ్గాడు. ఆ తల్లి కొడుకు వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, చివరికి తానూ చేతులు పైకెత్తింది. "దేవా! ఇన్ని దినాలు అన్ని ఊర్లు తిప్పితే ఒక్క మాట మాట్లాడనోడు ఇయ్యాల నోరు తెరిచిండు! ఇగ నేనేమంటా!"

పాస్క పండుగ నాడు ఫాదర్ గారు వచ్చారు. పూజ అయ్యాక ఊరంతా నా చుట్టూ నిలబడింది, కట్ట తెగిన చెరువు చూడటానికి వచ్చినట్టు. ఉపదేశి తాత కూడా, కల్లు దొరికే వేళయినా, ఆగాడు. "ఇగ మాట్లాడు బిడ్డా" అన్నారు. నోరు తెరిచాను. ఒక్క మాటా తోచలేదు. "పండుగ మంచిగ జేసుకోండ్రి" అని ఇంటికెళ్ళిపోయాను. అందరూ చాలా నిరాశపడ్డారు.

ఆ లోటు తరువాత గజ్వేల్‌లో తీర్చానని మా ఆయన అనేవాడు. ఆయన కుట్టుకుంటూ వినేవాడు. మా అత్తా నేనూ పోటీపడి మాట్లాడుకుని, ఇద్దరం అలిసిపోయాక జపమాల తీసేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. దేవునితో మాట్లాడటానికి కూర్చుంటే ఈమధ్య నాకు చెప్పాల్సిందంతా ముందే చెప్పేసినట్టుంటుంది. ఊరకే కూర్చుంటాను. చాలాసేపు గడిచాక గానీ ఒక్క మాటా అనలేదని గుర్తు రాదు. అప్పుడు ఆ పదిహేడేళ్ళ పిల్ల, మెడ పైకెత్తి కప్పుతో కొట్లాడే పిల్ల, కళ్ళ ముందుకొస్తుంది. మాట్లాడకపోవడమంటే ఎంత కష్టమనుకుందో పాపం.