కన్నెబండ మీద ఒంటిచెప్పు

తీరం వెంబడి తిరిగే టాపులేని పసుపుపచ్చ బస్సులో మైకు పట్టుకుని నిలబడే ఆవిడను అందరూ మైకక్క అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆవిడ పెళ్లి శుభలేఖలో తప్ప మరెక్కడా కనపడదు. ఆ బస్సు నడిపేది ఆవిడ మొగుడే. "నీకు మైకెందుకే, దండగ! గొంతు సవరించుకుంటే చాలు, సముద్రం ఓ అడుగు వెనక్కి జరుగుతుంది" అని ఆయన రోజూ ఆటపట్టిస్తాడు.

ఆ గొంతు ఆవిడకు తండ్రి వల్ల వచ్చింది. ఆయన పడవ నడిపేవాడు. కుడిచెవి బొత్తిగా వినపడదు, ఎడమచెవి అంతంతమాత్రం. పక్కన చేరి అరవకపోతే "ఆఁ?" అనేవాడు. అందుకని ఆ ఇంట్లో పుట్టిన పిల్ల మాటలతో పాటే కేకలూ నేర్చింది. బళ్లో పంతులమ్మ విసుక్కున్న ఆ గొంతును చూసే యాత్రల ఆఫీసువాళ్లు పిలిచి ఉద్యోగమిచ్చారు. ఇరవై ఎనిమిదేళ్లయింది.

బస్సు పాత ఉప్పు గోదాము దగ్గర బయల్దేరుతుంది. ఇప్పుడందులో గాజు తొట్లు పెట్టి చేపలు చూపిస్తున్నారు. ఉప్పు ఓడలు రావడం మానేశాక ఊరు ఈగలు తోలుకుంటూ కూర్చుందనీ, సముద్రపు గాలి ఊపిరితిత్తులకు మంచిదని ఎవరో డాక్టరు అన్నాక పదకొండు గదుల మొదటి లాడ్జీ లేచిందనీ మైకక్క చెబుతుంది. తర్వాత స్నానాల ఒడ్డు, నూట నలభై రెండు మెట్ల లైట్‌హౌసు. చివరిది కన్నెబండ. జనం అసలు వచ్చేది దానికోసమే.

"నూరేళ్ల కిందట లైట్‌హౌసు కాపలాదారు కూతురు ఒక నావికుణ్ణి ప్రేమించింది. అతను తిరిగి రాలేదు. ఒక ఉదయం ఆ పిల్ల తన చెప్పుల జత ఈ బండమీద వదిలి, సముద్రంలో దూకేసింది..." ఇక్కడికి వచ్చేసరికి మైకక్క గొంతు దానంతటదే వణుకుతుంది. వెనక సీట్లలో ముక్కులు చీదుకోవడం వినిపిస్తుంది.

అందులో ఆఫీసువాళ్లు కలిపిన కల్పన ఎంతో మైకక్కకు తెలుసు. నూరేళ్లు కాదు, తను పుట్టడానికి మూడేళ్ల ముందు. నావికుడి సంగతి ఎవరికీ తెలీదు. చెప్పుల జత కూడా కాదు, దొరికింది ఒక్కటే, ఎడమకాలిది. దాన్ని బండమీంచి తీసింది మైకక్క తండ్రే. ఆ పిల్ల కోసం నాలుగు రోజులు బండ కింద సుడిలోకి మునిగింది కూడా ఆయనే. నాలుగో రోజు పైకి తేలేసరికి కుడిచెవి లోంచి నెత్తురు కారుతోంది. ఆ చెవి మళ్లీ వినలేదు. పోయేదాకా ఆయనకు ఒకటే బెంగ, శవాన్నయినా ఆ తండ్రి చేతికి అప్పజెప్పలేకపోయానని. "పాపం దీపాలాయన! నాలుగు రోజులూ పైన వసారాలో నిలబడి నన్నే చూస్తూ ఉన్నాడమ్మా. మెట్లు దిగే ఓపిక కూడా లేదు ఆయనకి" అని చెప్పి కళ్లు తుడుచుకునేవాడు. లైట్‌హౌసు కాపలాదారును అప్పట్లో అందరూ దీపాలాయన అనేవారు.

మొన్న వానలు వెలిశాక, ఒక మంగళవారం మధ్యాహ్నం, బస్సు మూడో వరసలో డెబ్బై దాటిన ముసలావిడ తన మనవరాలితో కూర్చుంది. కథ అయ్యేదాకా కదలకుండా విన్నది. అందరూ ఫోటోలకు లేస్తుంటే చెయ్యెత్తింది.

"అమ్మాయ్, చెప్పులు రెండూ దొరికాయా?"

"రెండూ దొరికాయి అమ్మగారూ."

"ఎలా దొరుకుతాయమ్మా? కుడికాలిది బొటనవేలి ఉంగటం తెగి నీళ్లలో పడిపోయింది కదా. ఒంటి చెప్పుతో ఏం నడుస్తానని ఎడమది అక్కడే వదిలేశాను."

ఎడమకాలి సంగతి ఈ భూమ్మీద తనకూ, పోయిన తన తండ్రికీ తప్ప తెలిసినవాళ్లు లేరనుకుంది మైకక్క ఇన్నాళ్లూ. మైకు కట్టెయ్యలేదేమో, ముసలావిడ మాటలు బస్సంతా వినపడ్డాయి.

"అంటే... మీరు..."

"నేనే. దూకడమేంటి నా మొహం! నాకు ఈత వచ్చు."

అంతలో వెనకనుంచి ఎవరో పెద్దమనిషి, "అయితే చావలేదా?" అన్నాడు. నష్టపోయినవాడిలా ఉంది ఆ గొంతు. డ్రైవరు మొగుడు వెనక్కి తిరిగి పెళ్లాం మొహం చూశాడు. కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఆయన లేచొచ్చి మైకు అందుకుని, "పావుగంట ఆగుదామండీ, ఫోటోలు తీసుకోండి" అని అందరినీ దింపేశాడు.

తను చచ్చిపోయిందని ఊరంతా నమ్మిన సంగతి ముసలావిడకు ఆ పూటే తెలిసింది.

"నర్సు చదువుకి సీటొచ్చిందమ్మా. నాన్న ఆ కాగితం చింపేశాడు. తెల్లారగట్ల ఉప్పు లారీ ఎక్కి వెళ్లిపోయాను. లైట్‌హౌసు నుంచి రోడ్డుకి ఈ బండ మీంచే అడ్డదారి. అంతే. దానికి ఇంత కథా?"

"ఎవరికీ చెప్పకుండా వెళ్లారు కదండీ..."

"చెప్పకుండా ఏంటి? చీటీ రాసి టీ గిన్నెలో పెట్టాను. లేవగానే పొయ్యి దగ్గరికెళ్తాడు. చూడకుండా ఉండే ప్రశ్నే లేదు. హాస్టలు అడ్రసు కూడా రాశాను. ఆ శుక్రవారమే జవాబొచ్చింది, కార్డు ముక్క. 'నువ్వు చచ్చిపోయావు' అని ఒక్క ముక్క. అది తిట్టనుకున్నాను. ఊరికి చెప్పిన మాటని నాకేం తెలుసు?"

మైకక్క వేళ్లమీద లెక్కపెట్టింది. ఆ పిల్ల కనపడకుండాపోయింది సోమవారం. తన తండ్రి గురువారం దాకా మునిగాడు. శుక్రవారం కార్డు అందిందంటే, అది రాసేసరికి ఆయనింకా నీళ్లలోనే ఉన్నాడు.

"అమ్మగారూ, మా నాన్న..." అని మొదలుపెట్టి, ఎప్పుడూ తడబడని మనిషి మూడుసార్లు తడబడి, మొత్తం చెప్పింది. సుడి, నాలుగు రోజులు, చెవిలోంచి నెత్తురు.

"లోతుకి మునిగితే చెవిపొర పగులుతుంది" అంది ముసలావిడ. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో అన్న మాట అలవాటుగా వచ్చేసింది. మరుక్షణం రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. "నా కోసమా? నా మొహం కూడా సరిగా తెలీనివాడు నా కోసం మునిగాడా? మరి నాన్న ఆపలేదా?"

"పైనుంచి చూస్తూ నిలబడ్డాడటండీ."

పారిపోయిన కూతురికంటే చచ్చిపోయిన కూతురు మేలనుకున్నాడు దీపాలాయన. పరువు నిలవాలంటే ఎవరో ఒకరు వెతుకుతూ కనపడాలి మరి. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మైకక్కకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి ఎదురుగా ఉన్నది ఈవిడ, ఈవిడ చేసిన తప్పేమీ లేదు. లేచి వెళ్లి బస్సు చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్ని, కుంటుకుంటూ తిరిగొచ్చింది.

ముసలావిడ మర్నాటి ప్రయాణం మానుకుంది. మనవరాలితో కలిసి రెండు రోజులు మైకక్క ఇంట్లోనే ఉంది. గోడమీది పడవాయన ఫోటో ముందు చాలాసేపు కూర్చుంది. ఆయన ఏం తినేవాడు, ఎలా నవ్వేవాడు, అన్నీ అడిగింది. "ఒక్క కార్డు ఈ ఊళ్లో మరొకరికి రాసి ఉంటే..." అని మాత్రం పదిసార్లు అనుకుంది.

ఆఫీసు మేనేజరుకు సంగతి చెబితే ఆయన తల పట్టుకున్నాడు. "నిజం ఎవరిక్కావాలమ్మా? బండ పక్కన ఆ కథ రాసిన బోర్డు ఇనపస్తంభానికి బిగించాం. హోటలుకి ఆ కన్నె పేరే పెట్టుకున్నారు."

"అయితే మైకు మీరే పట్టుకోండి సార్" అని వచ్చేసింది.

తొమ్మిది రోజులు ఇంట్లో కూర్చుంది. బదులు పెట్టిన కుర్రదాని గొంతు రెండో వరస దాటలేదు. పదో రోజు మేనేజరే కబురు పెట్టాడు, ఇష్టమొచ్చింది చెప్పుకొమ్మని, కాకపోతే జనం ఏడవడం మాత్రం తగ్గకూడదని.

ఇప్పుడు బండ దగ్గర మైకక్క పడవాయన కథ చెబుతోంది. గొంతు వణకడం లేదు. లైట్‌హౌసు దగ్గరికొచ్చినప్పుడు మాత్రం తలెత్తి పై వసారా వైపు చూడలేకపోతోంది. ఇంట్లో అంట్లు తోముతూ తోముతూ ఆగి, "ఎలా చూస్తూ నిలబడ్డాడండీ?" అని మొగుణ్ణి అడుగుతుంది. ఆయన ఆవిడ చేతిలో గిన్నె అందుకుని కడిగిపెడతాడు.

నిన్న ముందు వరసలో ఒక కొత్త పెళ్లికూతురు అడిగింది, "మరి ఆవిడ మళ్లీ ఈ ఊరు వచ్చిందా ఆంటీ?"

"వచ్చిందమ్మా. నువ్వున్న చోటికి రెండు వరసల వెనక కూర్చుంది."

బస్సంతా గొల్లున నవ్వింది. మైకక్క బండ పక్కన బోర్డుమీద ఇంకా అలాగే ఉన్న పాత కథ వంక చూసి, బస్సు పోనివ్వమని మొగుడికి సైగ చేసింది.