బాగేపల్లి మామ ఆసిలోస్కోపు

పోయిన వేసవిలో ఒక ఉదయం బాగేపల్లి నుంచి మా అత్త ఫోను చేసి, కాలం చేసిన మామ రేడియో షాపు నడిపిన గదిని ఎవరికో బాడుగకు ఇస్తున్నామని, అటక మీది పాత సామాన్లన్నీ పాత ఇనుము కొనే గుజరీ అంగడికి వేసేస్తున్నామని చెబుతూ, మాటల మధ్యలో, "ఆ పచ్చగీత పెట్టె ఒకటుండాది పాపా, దాన్నీ వేసేసేదా?" అని అడిగింది. వద్దత్తా, నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోనివ్వద్దని చెప్పి, వంట సగంలో ఆపి, చిక్కబళ్ళాపురం బస్టాండుకు ఆటో ఎక్కాను. డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషికి ఇంత తొందరేమిటని మా వారు అనబోయి, నా ముఖం చూసి, సంచి తెచ్చి చేతికిచ్చారు.

పచ్చగీత పెట్టె అంటే ఆసిలోస్కోపు. తీగల్లో పారే కరెంటు అల ఎలా లేచి ఎలా పడుతోందో గుండ్రటి గాజు మీద పచ్చని గీతగా గీసి చూపించే యంత్రం. మా అమ్మకు తమ్ముడైన మా మామ బెంగళూరులో రేడియో పని నేర్చుకునే రోజుల్లో ఏదో వేలంలో దాన్ని కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. చుట్టుపక్కల రిపేరు చేసేవాళ్ళెవరి దగ్గరా అలాంటిది ఉండేది కాదు. చింతామణి నుంచి, శిడ్లఘట్ట నుంచి కూడా జనం రేడియోలను తువ్వాలుల్లో చుట్టుకుని మామ షాపుకే వచ్చేవాళ్ళు. హైస్కూలు చదువుకని నన్ను మామ ఇంట్లో ఉంచారు కాబట్టి, బడి విడిచాక నేను ఆ షాపులోనే కూర్చునేదాన్ని. మొదట ఊరికే చూశాను, తర్వాత ఉప్పుకాగితంతో తీగలు రుద్దడం, ఆ తర్వాత సీసం కరిగించి అతకడం వచ్చాయి. అర్చకుల ఇంటి ఆడపిల్ల చేతులకు ఆ మసేమిటని మా అవ్వ సణుగుతూనే ఉండేది. మామ మాత్రం, కరెంటు పెట్టెలో చెయ్యి పెట్టేటప్పుడు రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలన్న ఒక్క నియమం తప్ప నాకు ఇంకే అడ్డూ చెప్పలేదు.

పదో తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న ఆ వేసవిలో మామకు కండ్ల కలక వచ్చింది. రెండు కళ్ళూ వాచి మూసుకుపోయి, తడిగుడ్డ వేసుకుని షాపులో ఒక మూల కుర్చీలో కూర్చునేవాడు. సరిగ్గా అప్పుడే ఊరి చివర టెంటు సినిమా నడిపే ఆయన ఆంప్లిఫైయర్‌ను ఎడ్లబండిలో వేయించుకుని వచ్చాడు. ఆ సాయంత్రం కొత్త సినిమా. పల్లెల నుంచి బండ్లు కట్టుకుని జనం బయలుదేరి ఉంటారు. తీరా చూస్తే పాట పెట్టగానే గొంతులో రాళ్ళు పోసుకున్నట్టు గరగరమంటోంది.

మామ తడిగుడ్డ తియ్యకుండానే ఆ శబ్దం విని, శబ్దాన్ని పెంచే పెద్ద వాల్వులు పోయినట్టున్నాయి, అవి బెంగళూరు నుంచే రావాలి, ఈ పొద్దు కాదు అన్నాడు. టెంటాయన నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. నేను ఒకసారి ఆసిలోస్కోపు పెట్టి చూస్తానన్నాను.

"ఈ పాపేం చూస్తాదప్పా? గుడ్డ తీసి నువ్వే ఒకసారి చూడరాదా," అన్నాడాయన.

"నాకు కనపడదు, ఆ పాపకు కనపడతాది. చూడనీ," అన్నాడు మామ.

ఒకే స్థాయిలో కూత పెట్టే చిన్న పెట్టెను ఆంప్లిఫైయర్ మొదట్లో తగిలించి, ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, రెండో చేత్తో ఆసిలోస్కోపు సూదిని ఒక్కొక్క చోటే ఆనిస్తూ పోయాను. మొదట్లో అల నున్నగా ఉంది, నడుమ కూడా నున్నగానే ఉంది. పెద్ద వాల్వుకు ముందున్న కండెన్సరుకు ఈ పక్కన ఆనిస్తే గుండ్రని అల, ఆ పక్కన ఆనిస్తే నెత్తిని కత్తితో కోసేసినట్టుంది. మళ్ళీ చూశాను, అదే. వాల్వులు కాదు మామా, దాని ముందరి కండెన్సరు కారుతోంది, ఆపాల్సిన కరెంటును వదిలేస్తోంది అన్నాను. పని నేర్పినవాడి మాటను కాదనడం అదే మొదటిసారి.

అప్పుడే మా నాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పదో తరగతి అయిపోయింది, ఇంక టీచర్ ట్రైనింగుకు పంపాలని నిశ్చయించుకుని నన్ను ఇంటికి తీసుకుపోవడానికి మా ఊరి నుంచి వచ్చారాయన. గుడి, పంచాంగం తప్ప ఇంకో లోకం ఎరగని మనిషి.

మామ తడిగుడ్డ సర్దుకుంటూ, "చూసింది నువ్వు, నేను కాదు. నీకు నమ్మకముంటే మార్చు పాపా," అన్నాడు.

కండెన్సరు మార్చాను. స్విచ్చి వేసి, వాల్వులు వేడెక్కేదాకా ఆగి, టెంటాయన తెచ్చిన రికార్డు పెడితే, పాట కడిగిన గిన్నెలా ఖంగుమని పలికింది. ఆయన లేచి నిలబడి, "ఎంత పని చేస్తివమ్మా!" అన్నాడు. మామ గుడ్డ కింది నుంచి నవ్వుతూ, చూస్తివా బావా అన్నట్టు గుమ్మం వైపు తల తిప్పాడు. నాయన మాత్రం ఆ పచ్చగీత వైపే చూస్తున్నారు. ఇంటికి పోయే దారిలో, "ఆ చదువు యాడ చెప్తారో మీ మామనడిగి కనుక్కో," అన్నారు. అలా చింతామణిలో పాలిటెక్నిక్‌లో చేరాను. తర్వాత అక్కడే ల్యాబులో ఉద్యోగం చేసి, ఎందరో పిల్లలకు ఆసిలోస్కోపు పట్టడం నేర్పి రిటైరయ్యాను.

ఆ రోజు బాగేపల్లి నుంచి తెచ్చిన మామ పెట్టెను మా ఇంట్లో నేను ల్యాబుగా పెట్టుకున్న చిన్న గదిలో బల్ల మీద పెట్టి మూత విప్పితే, లోపల కందిరీగల మట్టిగూళ్ళు, బల్లి గుడ్ల పెంకులు, ఉబ్బిపోయిన కండెన్సర్లు కనిపించాయి. గాజు ట్యూబు బాగుందా లేదా అన్నదే నా భయం. అది పోయి ఉంటే ఇంక దొరికేది కాదు. ఇన్నేళ్ళు నిద్రపోయిన యంత్రానికి ఒక్కసారిగా కరెంటు ఇవ్వకూడదు కాబట్టి, బ్రష్షుతో తుడిచి, ఉబ్బినవన్నీ మార్చి, మధ్యలో ఒక బల్బు కట్టి ఆ బల్బు గుండానే కరెంటు ఇచ్చాను. దాని లోపల మనిషిని విసిరికొట్టేంత కరెంటు ఉంటుందని ఎవరో చెప్పగా విన్న మా వారు, పేపరు పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని, పేజీ తిప్పకుండా నన్నే చూస్తూండేవారు.

ట్యూబు వెనక సన్నని ఎర్రని వెలుగు కనిపించినప్పుడు ప్రాణం లేచివచ్చింది కానీ, గాజు మీద మాత్రం గీతకు బదులు చెదిరిన మసక ఒకటి పడింది. ట్యూబే అరిగిపోయిందనుకుని రెండు రోజులు దాని జోలికి పోలేదు. తర్వాత మనసొప్పక, గీతను సన్నగా బిగించే వరసలోని రెసిస్టర్లను ఒక్కొక్కటే విప్పి కొలిస్తే, ఒకటి లోపలే తెగిపోయి ఉంది. బెంగళూరు నుంచి కొత్తది తెప్పించి వేశాను. మసక దగ్గరకు ముడుచుకుంటూ వచ్చి, వెంట్రుకంత సన్నని పచ్చని గీతై నిలబడింది. మా వారు పేపరు పక్కన పడేసి చప్పట్లు కొట్టారు. సిగ్గుపడాల్సిన వయసు కాదు కాబట్టి నేనూ కొట్టాను.

మా అత్త చూడ్డానికి బాగేపల్లి నుంచి వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని, గాజుకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగి చూసి, "మీ మామ చేతిలో ఉన్నట్టే ఉండాది పాపా," అంది. నాకు ఇప్పటిదాకా వచ్చిన సన్మానాలన్నీ ఒక పక్క, ఆ మాట ఒక పక్క.

మన తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో ఒక వస్తువు పాడైతే దాన్ని విప్పడమన్నది ఇంటి పనుల్లో ఒకటి. ఇప్పుడు మా ఇంటి పిల్లలూ, మామ ఇంటి పిల్లలూ ఇంజనీర్లే. ఆడపిల్లలు చదువు కోసం ఎవరి గుమ్మంలోనూ ఎదురుచూడనక్కర్లేదు, అది చూసి నా కడుపు నిండుతుంది. వాళ్ళ చేతిలోని ఫోను చేసే పనులు మా మామ కలలో కూడా ఊహించి ఉండడు. అయితే అది మూగబోయిన రోజున దానికి విప్పడానికి ఒక మర కూడా ఉండదు, కొత్తది వచ్చేస్తుంది. తెలివిలో వాళ్ళు మనకంటే పైనే ఉన్నారు. ఒక్కటే నాకు వెలితిగా తోస్తుంది. ఎక్కడ చెడిందో కళ్ళారా చూసి, సొంత చేత్తో బాగుచేసి, అది మళ్ళీ పలికినప్పుడు గుండెలో ఏదో నిండుతుందే, ఆ సంతోషం వాళ్ళకు ఎవరిస్తారు?