బావిలోకి నేను దింపిన దయ్యం

ఆళ్లగడ్డలో మా పేట బావికి ఒకప్పుడు దయ్యం పట్టింది. పట్టించింది నేను. ఏడేళ్లపాటు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పిన తర్వాతైనా కథ తిన్నగా నడిచిందా అంటే అదీ లేదు. ఈమధ్య ఒక పెళ్లి భోజనాల దగ్గర మా బంధువు ఒకాయన, "చివరికి మన రత్నమే బావిలో దిగి దయ్యాన్ని తరిమినాడు" అన్నాడు. పంక్తి పంక్తంతా నన్ను మెచ్చుకోలుగా చూసింది. నాకు లడ్డు గొంతు దిగలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివాక నన్ను చూసే మీ చూపు మారుతుంది. మారాలి కూడా.

డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో టీచరు ట్రైనింగు చదివేవాణ్ణి. ఒక శనివారం మాస్టారు పావురం పాఠం చెప్పారు. పావురం ఎడమకు తిరిగినప్పుడల్లా ఒక గింజ వేస్తూ పోతే కొన్నాళ్లకు అది ఎడమకే తిరుగుతుందట. బెదిరించక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. మనుషులకు గింజ ఏమిటి సార్ అని ఎవరో అడిగితే, "మెచ్చుకోలు" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: "కాని, మనిషికి తెలియకుండా మనిషిని తిప్పే హక్కు నీకు ఉందా? ముందు అది ఆలోచించుకోవాలి." సరిగ్గా ఆ ముక్క దగ్గర నేను కలానికి మూత పెట్టేశాను. ఆళ్లగడ్డ బస్సుకు వేళయింది.

మా పేటలో ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి శాంతమ్మత్త ఇంటి ముంగిట ప్రార్థన కూడిక జరిగేది. ఆమె నాకు వరసకేమీ కాదు, పేట పిల్లలందరికీ అత్తే. భర్త పోయాక పొద్దునపూట బొరుగులతో ఉగ్గాని, బజ్జీ చేసి అమ్ముకుంటూ బతికేది. ముంగిట్లోనే ఆమె బావి. ఆ ఉగ్గాని రుచి ఆ నీళ్లదేనని అందరూ అనేవాళ్లు.

ప్రార్థన చేసేది సంఘపెద్ద దానమయ్య తాత, రిటైరైన బడిపంతులు. ఆయన ఒకసారి కళ్లు మూసుకుంటే తెరిపించడం ఎవరి తరమూ కాదు. ఆళ్లగడ్డలో బయల్దేరి రుద్రవరం, అవుకు, హైదరాబాదు, ఢిల్లీ అన్నీ తిరిగి, దారిలో కనబడిన ప్రతి అధికారినీ ఆశీర్వదించి వచ్చేసరికి మా మోకాళ్ల మీద చాప అచ్చు పడిపోయేది.

"తాతను పావురం చేస్తా సూడు," అన్నాను నా స్నేహితుడు కృపారావుకు ఆ పాఠం సంగతి చెప్పి.

"గింజలేస్తావా?"

"స్తోత్రం వేస్తా."

మా కూడికల్లో ఒకరు ప్రార్థిస్తుంటే, మనసుకు తగిలిన మాట దగ్గర వినేవాళ్లు "స్తోత్రం" అంటారు. దాంతో ప్రార్థించేవారికి ఊపు వస్తుంది. నా లెక్కలో అంతకన్నా మంచి గింజ లేదు.

"అయితే నేను చెప్పిన మాటే ఆయనతో అనిపియ్యి," అన్నాడు కృపారావు. వాడు అప్పుడే నీళ్లు తోడి చేద కింద పెడుతున్నాడు. "బావి!"

ఆ ఆదివారమే తాత, "ఈ ఇంటిని, ఈ పొయ్యిని, ఈ బావిని చల్లగా చూడు ప్రభువా" అన్నాడు.

"స్తోత్రం!" అని బస్సు హారనులాగా అరిచాను. వెనక కునుకుతున్న అవ్వలు ఉలిక్కిపడి లేచి "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. తాత గొంతు పెరిగింది. "ఈ బావి ఎండనీయకు!" మళ్లీ స్తోత్రం. ఢిల్లీ వచ్చినప్పుడు మాత్రం నేనూ కృపారావూ బండరాళ్లమైపోయాం. మూడోవారానికి ఢిల్లీ రాలిపోయింది. అయిదోవారానికి తాత ఆ ముంగిలి దాటి బయటికే పోలేదు. నేను నూనెలో బజ్జీలా పొంగిపోయాను.

అయితే బావి గురించి మనిషి ఎన్నని చెబుతాడు? మంచి మాటలు అయిపోయాయి. ఆరోవారం తాత కాసేపు ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "ఈ బావి అడుగున ఏముందో నీకు మాత్రమే తెలుసు ప్రభువా."

నేను నోరు తెరవలేదు. ముంగిలంతా "స్తోత్రం" అంది. ఒక్క గొంతుతో, మెల్లగా. పట్టపగలు నా చేతుల మీద రోమాలు లేచాయి. ఆ గింజ వేసింది నేను కాదు.

మరుసటి వారం: "ఆ అడుగున ఉండేది పైకి చూస్తాంది ప్రభువా."

కూడిక అయ్యాక తాత నా మణికట్టు పట్టుకున్నాడు. మండు వేసవిలో ఆ చెయ్యి చల్లగా ఉంది.

"రత్నం, అందరికన్నా ముందు నీకే తెలిసింది గదా? ఆ మాట నాది కాదు నాయనా. ఎవరో నాతో పలికిస్తాండారు."

పలికించినవాడు ఎదురుగా ఉన్నాడు. ఆ ఒక్క ముక్క చెబితే అక్కడితో సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "అవును తాతా" అన్నాను.

వారం తిరగకముందే శాంతమ్మత్త ఉగ్గాని అమ్మే అరుగు ఖాళీ అయింది.

"ఏ నీళ్లతో చేసినావమ్మా?" అని అడిగేవాళ్లు.

"మా బావి నీళ్లే."

"అయితే ఈ పొద్దు ఆకలి ల్యా."

వీధి చివర కొట్టు శెట్టి కూడా, "మీ బావిలో ఏందో ఉందంట కదప్పా?" అని నన్నే అడిగాడు. చల్లారిన బజ్జీల మీదికి కాకులు సైతం ఒకటికి రెండుసార్లు ఆలోచించి దిగేవి. ఒక మధ్యాహ్నం అత్త నన్ను పిలిచింది.

"నువ్వు నంద్యాలలో చదువుకుంటాండావు. నీ మాట ఇంటారు. బావిలో ఏమీ లేదని ఒక్క మాట చెప్పు నాయనా. ఈ పొయ్యి ఆరిపోతే నేను యాడికి పోవాల?"

"చెప్తా అత్తా," అన్నాను.

చెప్పేముందు ఒకసారి చూసుకుందామనిపించింది. నేను పుట్టించిన దయ్యం అక్కడ లేదని నేనే చూసుకోవడమేమిటి, మీరే చెప్పండి! అత్త లోపలికి పోయాక బావిలోకి వంగాను. ఎండకు వీధిలో పురుగు కూడా లేదు. నల్లటి నీళ్లలో ఒక ముఖం కదలకుండా నన్నే చూస్తోంది. నాదే అయ్యుండాలి. ఇంతలో అడుగున ఏదో బుడుంగున మునిగింది. కప్పే అయ్యుండాలి. ఆ రెండు సంగతులూ నాకు తోచేసరికి నేను మా ఇంట్లో మంచం కింద ఉన్నాను. నా చెప్పు ఒకటి బావి గట్టు మీదే ఉంది.

సాయంత్రానికి పేటంతా అక్కడ చేరింది. గట్టున ఒంటి చెప్పు ఉందంటే ఎవరినో లోపలికి లాగేసిందన్నమాట! పడిపోయిన బిందెలు తీసే కొక్కేల గాలం దింపారు. అది పైకి వస్తూ వస్తూ నల్లగా, పొడుగ్గా, నీళ్లు కారుతూ ఏదో పట్టుకొచ్చింది.

"జుట్టు!" అని ఎవరో కేక పెట్టారు. అంతే, ముంగిలి ఖాళీ. అది నానిపోయిన పాత చేంతాడు పీచు. ఆగి చూస్తే కదా.

తాత మాత్రం కదల్లేదు. "ఈ చెప్పు ఎవరిదో తెలుసా నాయనా?" అని అడిగాడు. నేను వట్టి కాళ్లతో నిలబడి తల అడ్డంగా ఊపాను.

బావి మీద బండ పరిచారు. శాంతమ్మత్త ఇంటికి తాళం వేసి పాములపాడులో తమ్ముడింటికి పోయింది. బస్సెక్కుతూ నాతో ఒకటే మాట అంది: "చెప్తానంటివే."

ఏడేళ్లు గడిచాయి. ఈలోగా దానమయ్య తాత పోయాడు. చివరిదాకా ఆ మాట ఎవరిదోనని కుమిలిపోయాడట. నేను బడిపంతుల్నయ్యాను. పిల్లవాణ్ణి "శభాష్" అనబోయినప్పుడల్లా మణికట్టు చల్లబడేది. దేవుడికి స్తోత్రమే కదా చెప్పాను, అబద్ధమేం ఆడలేదే అని నాకు నేను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. చెయ్యి వెచ్చబడలేదు. ఒక వేసవిలో పాములపాడు పోయాను. అత్త తమ్ముడింటి వెనక వసారాలో బియ్యం ఏరుతోంది. అంతా చెప్పాను. చేట దించకుండా వింది.

"బావిలో ఏమీ లేదని నాకు అప్పుడే తెలుసు. దినామూ తాగిన నీళ్లు. తెలిసినదానికి చెప్పేదేముంది? తెలియనోళ్లకు చెప్పు."

"అందరికీ చెప్తా అత్తా."

"అప్పుడూ ఇట్లే అంటివి." చేట పక్కన పెట్టి, సంచీలో రెండు చీరలు కుక్కుకుని లేచింది. "పా. నా పొయ్యి నాకు కావాల. బావి పూడిక తీయాల. నువ్వే దిగాల."

మరునాడు ఆళ్లగడ్డలో నలుగురు కలిసి బండ జరిపారు. లోపలి నుంచి చల్లటి గాలి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక అడుగు వెనక్కి వేశారు. నడుముకు తాడు కట్టి నన్ను దింపారు. మోకాటిలోతు బురదలో నిలబడి పైకి చూస్తే పళ్లెమంత ఆకాశం, దాని చుట్టూ తలకాయలు, అన్నీ నన్నే చూస్తున్నాయి. అక్కడే గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఇక నుంచి మనిషి దగ్గర ఏం కావాలన్నా ఎదురుగా నిలబడి నోటితో అడుగుతాను. బాగుంటేనే బాగుందంటాను. (నా భార్య వంట విషయంలో ఈ ప్రతిజ్ఞకు మినహాయింపు ఉంది.)

"శాంతమ్మత్తా! ఈ బావిలో దయ్యం ల్యా! అంతా నేను చేసిన పని! తప్పు నాదే!"

"వినపళ్ల్యా," అంది అత్త పైనుంచి. "వీధి చివరిదాకా వినపడాల."

గుండెల నిండా ఊపిరి పీల్చి మళ్లీ అరిచాను. బావిలోంచి మనిషి గొంతు విని శెట్టి కొట్టు తలుపులు మూసుకున్నాడట.

"ఇప్పుడు వినపడింది," అంది అత్త. "రేపు పొద్దున పొయ్యి ముట్టిస్తా. ఇంక తాతకూ చెప్పు. ఆ అడుగునైతే ఎవరూ అడ్డం రారు."

గోడకు తల ఆనించి, ఈసారి మెల్లగా అన్నాను: "తాతా, నీతో పలికించింది నేనే. గట్టు మీది చెప్పు కూడా నాదే. క్షమించు."