మూడో దేశం తరఫున మా గాజువాక

లా చదివే రోజుల్లో మనిషికి ఉండే ధైర్యం తర్వాత ఎంత పెద్ద ప్లీడరుకీ ఉండదు. రెండో ఏడాదిలోనే లోకంలోని తగువులన్నీ నా కోసం ఆగి ఉన్నాయనిపించేది. నాన్నది వేరే లెక్క. స్టీల్ ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చి, "అచ్యుతాపురం కంపెనీలో మావయ్య ఉద్యోగం సూసేడు. ఈ సదువింక సాలు" అన్నారు. బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను (పెరుగన్నం మాత్రం తిన్నాను). చివరికి కాలేజీలో జరగబోయే మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కోర్టులో వాదించే పోటీ, దాని మీద ఒప్పందం కుదిరింది. "గెలిస్తే సదువు. నేదంటే ఉద్యోగం."

కేసు అంతర్జాతీయ న్యాయస్థానంలో. సముద్రంలో ఆపేసిన ఓడ గురించి, మూడు దేశాలు సంతకం పెట్టిన ఒప్పందంలోని ఒక వాక్యం పట్టుకుని రెండు దేశాలు కొట్టుకుంటాయి. నేను మూడో దేశం ప్రభుత్వాన్ని, మధ్యలో జోక్యం చేసుకోవాలి. పోటీకి మా జట్టుని తయారుచేసే మేడమ్ చిలక్కి చెప్పినట్టు చెప్పారు. "ఏ పక్షమూ పట్టకు. రాజీ మాటలొద్దు. ఒప్పందంలో ఆ ఒక్క వాక్యానికి అర్థం చెప్పి కూర్చో. కోర్టు ఒప్పుకుంటే ఆ అర్థం రేపు నీ దేశానికీ వర్తిస్తుంది, జాగ్రత్త." ఎలాగైనా గెలవాలని పట్టుబట్టి చదివాను. ద్వారకా నగర్ వెళ్లే షేర్ ఆటోలో నా గొణుగుడు విని పక్కావిడ ఆ చివరికి జరిగిపోయింది.

తీరా పోటీలో జడ్జిగారు, "మీ ప్రభుత్వం ఎందుకొచ్చింది?" అనేసరికి నాలోని గాజువాక పిల్ల నిద్ర లేచింది. మా వీధిలో ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలోకెళ్లినవాడు వాక్యాలకి అర్థాలు చెప్పడు. చెరో పక్కకి లాగి, టీ తాగించి, చేతులు కలిపిస్తాడు. "అయ్యా, ఇద్దరి ఓడలూ మా పోర్టుకే వస్తాయి. ఇద్దరూ మాకు కావలసినవాళ్లే. చెరో మెట్టు దిగమనండి. అంతవరకూ ఆ ఓడని మా దగ్గర కట్టేసుకుంటాం" అన్నాను. జడ్జిగారు కళ్లజోడు తీశారు. మేడమ్ తల పట్టుకున్నారు. నేను తగ్గలేదు. గంట కొట్టినా కూర్చోకుండా రాజీ షరతులు చెబుతూనే ఉన్నాను. మా జట్టుకి ఆఖరి స్థానం వచ్చింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. నాన్న మావయ్యకి ఫోన్ చేయబోతుంటే, చేపలు కడుగుతున్న అమ్మ తల తిప్పింది.

"నాను ఎవరి పక్కా మాటాడను. గెలిస్తే సదువన్నారు గానీ, ఎప్పుడు గెలవాలో సెప్పనేదు కదా?"

మేడమ్ నా చేత చేయించాలనుకున్నది సరిగ్గా ఇదే! నాన్న ఫోన్ దించి, అమ్మ కేసి చూసి నవ్వారు. "ఓహో! మరైతే నిన్ను అరకు తీసుకెల్తానన్నాను. అదీ ఎప్పుడని సెప్పనేదు."

అమ్మ నా మొహం కేసి చూసింది. "సరే అయితే" అని మళ్లీ చేపల పనిలో పడింది.

ఇప్పుడు నల్లకోటు వేసుకుని కోర్టుకెళ్తున్నాను. పరాయి దేశం ఓడని మా రేవులో కట్టేయబోయిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. అరకుకి కారు మాట్లాడతానని ఎన్నిసార్లన్నా అమ్మ వినదు.

"ఆయన మాటిచ్చినారు. ఆయనే తీసుకెల్లాల" అంటుంది.